స్విచింగ్ విద్యుత్ సరఫరా: శూన్యభార స్థితిలో ఆకస్మిక భారస్పందన

భారము లేనప్పుడు శక్తిని ఆదా చేయుటకై పల్సులను విరళము చేసికొని అర్ధనిద్రలోనుండు స్విచింగ్ విద్యుత్ సరఫరా (ఎస్.ఎం.పి.ఎస్.) పై హఠాత్తుగా భారము పడినచో, దాని నిర్గమ వోల్టేజి క్షణకాలము కుంగును. ప్రైమరీ చుట్టనుండియే నియంత్రింపబడు ఫోను ఛార్జరులలో ఈ లోపము ప్రబలము: పల్సు పుట్టినప్పుడు తప్ప నిర్గమ వోల్టేజి నియంత్రకమునకు తెలియదు గనుక, సెకనుకు 1000 పల్సులున్నచో 1 మిల్లీసెకను వరకు అది అంధము, అంతలో 1 ఆంపియరు భారము 1000 మైక్రోఫారడుల కెపాసిటరునుండి 1 వోల్టును హరించి, 5 వోల్టులను 4కు దించును. కెపాసిటరును పెంచుట సులభోపాయము. నిర్గమమున చిన్న భారముగా రెసిస్టరును ఉంచి పల్సులవేగము మరీ తగ్గకుండ నిలుపుటయు కలదు గాని, 1 కిలోఓము రెసిస్టరైనను 25 మిల్లీవాట్లను నిరంతరము దహించుట విచారింపదగినది. సెకండరీ వైపున పతనమును కనిపెట్టి నియంత్రకమును తక్షణము మేల్కొల్పు ఐ.సి.యే ఉత్తమము. బక్ కన్వర్టరులలోనైతే ఇండక్టరు ప్రవాహమును ఋణదిశకును పోనిచ్చి, శూన్యభారమునను స్విచింగును ఎడతెగక సాగింతురు.