ముక్కు నుంచి దవడ దాకా

ముఖం తీరు మార్చుకునే శస్త్రచికిత్సను సినిమావాళ్ల సరదా అనీ, డబ్బున్నవాళ్ల విలాసమనీ చాలామంది తీసిపారేస్తారు. దాని చరిత్ర ఆ మాటను బలపరచదు. ఈ విద్య అవమానం నుంచి పుట్టింది. ముక్కూ చెవులూ కోయడం ఒకప్పుడు శిక్షగా ఉన్న దేశం మనది. శూర్పణఖ కథ తెలియని తెలుగిల్లు లేదు. ఆ శిక్ష ఉన్నచోటే దానికి చికిత్సా పుట్టింది. తెగిన ముక్కును చెక్కిలి చర్మంతో ఎలా కట్టాలో, రంధ్రాలు మూసుకుపోకుండా గొట్టాలు ఎలా ఉంచాలో సుశ్రుత సంహిత చెప్పింది. పనిమంతుల చేతుల్లోనూ ఆ విద్య శతాబ్దాల పాటు బతికింది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలే కవాస్జీ టిప్పు సేనకు చిక్కి ముక్కూ ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. పుణె ప్రాంతపు పనిమంతుడొకడు మైనంతో ముక్కు నమూనా చేశాడు. దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, ఆ కొలతకు చర్మం కోశాడు. కనుబొమల మధ్య సన్నని కాడను మాత్రం తెంపకుండా ఉంచి, చర్మాన్ని కిందికి తిప్పి అతికించాడు. ఆ కాడ గుండా నెత్తురు అందబట్టే కొత్త ముక్కు నిలిచింది. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ ఈ వివరం అచ్చువేసింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ అక్కడ ఇదే పద్ధతిలో శస్త్రచికిత్స చేశాడు.

చర్మం నుంచి ఎముకకు చేరడానికి ఇంకా కాలం పట్టింది. 1840ల చివర్లో అమెరికాలోని వీలింగ్ పట్టణంలో సైమన్ హల్లిహెన్ ఒక యువతి కింది దవడను కోసి సరిచేశాడు. చిన్ననాటి కాలిన మచ్చ మెడను లాగేయడంతో ఆ దవడ వంకరగా పెరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో హెరాల్డ్ గిల్లీస్ బృందం వేల శస్త్రచికిత్సలు చేసింది. 1957లో హ్యూగో ఓబ్వెగేసర్ వివరించిన పద్ధతి ఈనాటికీ దవడ సర్జన్ల నిత్యపనిముట్టు: కింది దవడను రెండు పొరలుగా చీల్చి, ముందుకో వెనక్కో జరిపి, మళ్లీ కలపడం. ఒకప్పుడు దవడలను వారాల తరబడి తీగలతో బిగించి నోరు మూసి ఉంచేవారు. చిన్న లోహపు పలకలూ స్క్రూలూ వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది.

ఇవన్నీ గాయాలూ లోపాలే కదా, ఆరోగ్యంగా ఉన్న ముఖాన్ని కోయడం వేరు కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నను 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ నేరుగా ఎదుర్కొన్నాడు. పెద్ద ముక్కు వల్ల జనంలోకి రాలేక కుంగిపోయిన మనిషికి దాన్ని తగ్గించి, మనసు బాధ కూడా బాధేనని తోటి వైద్యుల ముందు వాదించాడు. ఆయన మాట నిజమే. కానీ ముక్కులో జబ్బేమీ లేదన్నదీ నిజమే. దాన్ని లోపమని తేల్చింది చూసేవాళ్లు. గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డను చూసి తల్లిని నిందించే మన ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అలాంటప్పుడు మారాల్సింది సమాజమే అనేవారున్నారు. మారాలి. అంతవరకూ నమలలేని, మాట సరిగ్గా పలకలేని మనిషిని ఆగమనడం మాత్రం క్రూరత్వం. మొర్రితో పుట్టినవాళ్లలో కొందరికి పై దవడ సరిగా ఎదగదు. దాన్ని ముందుకు జరిపితే పలువరుస కలుస్తుంది, ముఖమూ కుదురుతుంది. పనితీరుకూ రూపానికీ మధ్య గోడ అక్కడ ఉండదు.

అందుకే అవసరమా, కోరికా అన్న పాత లెక్కతో తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం. ఆ ముఖం వల్ల మనిషి నిజంగా ఏం పోగొట్టుకుంటున్నాడో చూడాలి. దగ్గర నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు అసలుకన్నా పెద్దగా పడుతుంది. ఆ బొమ్మను నమ్మి కత్తి కిందికి వెళ్లడం పొరపాటు. లేని లోపాన్ని పదే పదే అద్దంలో వెతికే మానసిక రుగ్మతకు శస్త్రచికిత్స దాదాపుగా ఊరటనివ్వదు. పళ్లు కలవని దవడ సంగతి వేరు. అక్కడ కూడా ఎదుగుదల ఆగేదాకా సాధారణంగా ఆగాలి, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా నెలల తరబడి పళ్లకు క్లిప్పులు వేసుకోవాలి. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వెళుతుంది; ఆపరేషన్ తర్వాత వచ్చే తిమ్మిరి కొందరిలో శాశ్వతంగా ఉండిపోతుంది. అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు ఆ సంగతి మీ సర్జన్ నోట వినండి.