జావా పోర్టళ్లూ, అమీర్‌పేట శిక్షణా

జావా భాషలో వెబ్ పోర్టళ్లను నిర్మించే పనికి ఒక ఉమ్మడి ప్రమాణం 2003 అక్టోబరులో ఖరారైంది. జె.ఎస్.ఆర్. 168గా వ్యవహరించే ఆ ప్రమాణానికి సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి అలెహాండ్రో అబ్దెల్‌నూర్, ఐ.బి.ఎం. నుంచి స్టెఫాన్ హెప్పర్ సారథ్యం వహించారు. అంతకుముందు ఆ రెండు సంస్థలూ వేర్వేరుగా పెట్టిన ప్రతిపాదనలను వెనక్కి తీసుకుని ఒకే పత్రం మీద పనిచేయడానికి ఒప్పుకోవడంతో అది సాధ్యపడింది. ఒక సంస్థ సర్వర్ కోసం రాసిన ప్రోగ్రాము మరో సంస్థ సర్వర్‌లోనూ మార్పు లేకుండా నడవాలన్నది దాని ఆశయం. ప్రోగ్రాము మటుకు చాలావరకు అలా నడిచింది గాని, ప్రోగ్రామరుకు ఆ సౌలభ్యం దక్కలేదు. ఒక సర్వర్ మీద పని నేర్చినవారు మరో సర్వర్ ముందు కూర్చుంటే సగం విద్యను మళ్లీ నేర్చుకోవలసి వచ్చేది. హైదరాబాదు అమీర్‌పేటలో పోర్టల్ కోర్సులు ప్రమాణం పేరుతో గాక సర్వర్ల పేర్లతో అమ్ముడుపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

పోర్టల్ అంటే, వేర్వేరు చోట్ల నుంచి వచ్చే సమాచారాన్ని, సేవలను ఒకే పుటలో, ఒకే ప్రవేశంతో, వాడుకరి హోదాను బట్టి అమర్చి చూపే వెబ్ స్థలం. 1996లో వచ్చిన మై యాహూ ఈ పద్ధతిని జనానికి అలవాటు చేయగా, పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల సెలవు దరఖాస్తులు, జీతపు వివరాలు, ప్రకటనలను ఒకచోట చేర్చడానికి అదే నమూనాను ఇంటికి తెచ్చుకున్నాయి. ఆ పుటలోని ఒక్కొక్క గడిని నింపే చిన్న ప్రోగ్రామే పోర్ట్‌లెట్. పోర్ట్‌లెట్లను పుట్టించి, నడిపించి, తొలగించే సర్వర్ భాగాన్ని పోర్ట్‌లెట్ కంటైనర్ అంటారు. మామూలు వెబ్ ప్రోగ్రామైన సర్వ్‌లెట్ వాడుకరి అడిగిన పుట మొత్తాన్ని తానే తయారుచేసి పంపుతుంది. పోర్ట్‌లెట్‌కు ఆ స్వాతంత్ర్యం లేదు. పుటలోని ఒక ముక్కను మాత్రమే అది ఇవ్వగలదు, తన చిరునామాను తాను రాసుకోలేదు, పక్క గడిలో ఏముందో దానికి తెలియదు. వాడుకరి మీట నొక్కినప్పుడు ఆ ఒక్క పోర్ట్‌లెట్‌లో చర్య దశ జరుగుతుంది, ఆ తరువాత పుటలోని పోర్ట్‌లెట్లన్నీ ప్రదర్శన దశలోకి వెళ్లి తమ తమ ముక్కలను మళ్లీ గీస్తాయి. సర్వ్‌లెట్లకు అలవాటుపడిన విద్యార్థిని ఈ రెండు దశల విభజన తికమక పెట్టేది. పోర్టల్ శిక్షణ మొదలయ్యేదీ అక్కడే.

ఆ శిక్షణ వచ్చేనాటికే అమీర్‌పేటకు ఒక చరిత్ర ఉంది. 2000 సంవత్సరం తేదీల సమస్యను సరిదిద్దడానికి అమెరికా కంపెనీలకు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవారు వేల సంఖ్యలో కావలసి వచ్చిన రోజుల్లో, మైత్రివనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల మేడల్లో శిక్షణ కేంద్రాలు అంతస్తు మీద అంతస్తుగా వెలిశాయి. ఇలాంటి పనివారికి అమెరికా ఏటా ఇచ్చే హెచ్-1బి వీసాల పరిమితి 2000లో చేసిన చట్టంతో మూడేళ్లపాటు 1,95,000కు పెరిగింది. 2004 ఆర్థిక సంవత్సరానికి అది తిరిగి 65,000కు దిగింది. చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ ఆంధ్రలోనూ ఆస్ట్రేలియాలోనూ తెలుగు ఐటీ పనివారి మధ్య పరిశోధించి 2006లో ప్రచురించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే గ్రంథంలో, ఈ చదువుల వెనుక వ్యవసాయపు మిగులు, కట్నపు సొమ్ము ఎలా నిలిచాయో వివరించాడు. అమీర్‌పేటను కేవలం చవక చదువుల బజారుగా చూసేవారు గమనించని విషయం అది: అక్కడి ఫీజు తక్కువే కావచ్చు గాని, దాని చుట్టూ పెట్టుబడిగా వచ్చి చేరిన కుటుంబ ధనం తక్కువది కాదు.

1995లో సన్ సంస్థ లోకానికి పరిచయం చేసిన జావాకు 1997లో సర్వ్‌లెట్ ప్రమాణం, 1999 డిసెంబరులో జె2ఇఇ అనే సంస్థాగత సంపుటి తోడయ్యాయి. అమీర్‌పేట జావాను తన పద్ధతిలో రెండు ముక్కలు చేసింది: భాష వరకు ‘కోర్ జావా’, డేటాబేస్ అనుసంధానం, సర్వ్‌లెట్లు, జె.ఎస్.పి. కలిపి ‘అడ్వాన్స్‌డ్ జావా’. స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ వంటి ఫ్రేమ్‌వర్కులు ఆ తరువాతి మెట్లు. తెల్లవారుజామునే మొదలయ్యే బ్యాచ్‌లు, డబ్బు కట్టకముందే వినగలిగే డెమో తరగతి, జిరాక్సు దుకాణంలో దొరికే చేతిరాత నోట్సు కలిసి ఈ విద్యకు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వని వేగాన్ని ఇచ్చాయి. ఇంతవరకు కావలసిన సరంజామా స్వల్పం. టామ్‌క్యాట్ సర్వర్‌ను సన్ 1999లో అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించడంతో అది ఉచితంగా దొరికేది, పాత కంప్యూటర్‌లోనూ నడిచేది.

పోర్టల్ దగ్గరికి వచ్చేసరికి ఆ వెసులుబాటు తప్పిపోయింది. ఐ.బి.ఎం. వారి వెబ్‌స్ఫియర్ పోర్టల్, బి.ఇ.ఎ. వారి వెబ్‌లాజిక్ పోర్టల్ భారీ ధర గల ఉత్పత్తులు. కింద అప్లికేషన్ సర్వర్, పక్కన డేటాబేస్, వాడుకరుల పేర్ల పట్టికను నడిపే డైరెక్టరీ సర్వర్, వీటన్నిటి మీద పోర్టల్ కూర్చోవాలి. సీడీల కట్టగా వచ్చే వెబ్‌స్ఫియర్ పోర్టల్‌ను స్థాపించడానికి గంటలు పట్టేది, అప్పటి శిక్షణ గదుల కంప్యూటర్లలో ఉండే మెమరీ దానికి చాలేది కాదు. అందువల్ల గదిలోని ఒక్క మంచి యంత్రంలో అధ్యాపకుడు చేసి చూపడం, విద్యార్థులు చూసి రాసుకోవడం తప్పనిసరైంది. కోడు రాయడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు. డిప్లాయ్‌మెంట్, అంటే రాసి కూర్చిన ప్రోగ్రామును సర్వర్‌లో స్థాపించి, ప్రవేశ హక్కులు, డేటాబేస్ సంబంధాలు అమర్చి వాడకానికి తేవడం, సర్వర్ చేతిలో ఉంటే తప్ప రాదు. ఫీజు కట్టి కొనుక్కున్నది నిజానికి ఈ రెండో విద్యనే.

ప్రమాణం ఈ చోటనే మౌనం వహించింది. పోర్ట్‌లెట్ ఎలా రాయాలో, దాని వివరాలను పోర్ట్‌లెట్.ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలులో ఎలా నమోదు చేయాలో, అంతటినీ వార్ అనే మూటగా ఎలా కట్టాలో జె.ఎస్.ఆర్. 168 చెప్పింది. ఆ మూటను సర్వర్‌కు ఎలా అందించాలి, పోర్ట్‌లెట్‌ను ఏ పుటలో పెట్టాలి, ఎవరికి చూపాలి, పుట రూపురేఖలను ఎక్కడ దిద్దాలి అన్న ప్రశ్నలను అమ్మకందారులకు వదిలేసింది. వెబ్‌స్ఫియర్‌లో ఆ పని నిర్వాహకుల పుటల ద్వారా గాని, ఎక్స్‌ఎంఎల్ యాక్సెస్ అనే ఆదేశ సాధనంతో గాని జరిగేది. జెబాస్ అనే మరో పోర్టల్‌లో పుటల అమరికను తెలిపే అదనపు ఫైళ్లను మూటలోనే చేర్చవలసి వచ్చేది. వెబ్‌లాజిక్‌కు తనదైన పోర్టల్ ఫైలు, తనదైన వర్క్‌షాప్ సాధనం ఉండేవి. అమ్మకందారులు దీన్ని మతిమరుపు వల్ల వదిలారనుకోలేము. కోడు ఒకటే అయిన తరువాత కొనుగోలుదారును తమ వద్ద నిలిపి ఉంచగలిగేది నిర్వహణ ఒక్కటే కదా!

ఈ పరిస్థితిని మార్చినది లైఫ్‌రే. బ్రయాన్ చాన్ 2000లో ప్రారంభించిన ఈ ఓపెన్ సోర్స్ పోర్టల్ టామ్‌క్యాట్‌తో కలిపి ఒకే జిప్ ఫైలుగా ఉచితంగా దొరికేది. విప్పి నడిపితే చాలు, డేటాబేస్ సైతం లోపలే సిద్ధంగా ఉండేది. వార్ ఫైలును ‘డిప్లాయ్’ అనే ఫోల్డరులో వేస్తే సర్వర్ ఆగకుండానే దాన్ని అందుకునేది. చూసి రాసుకునే విద్య దీనితో చేసి నేర్చుకునే విద్యగా మారింది. విద్యార్థి హాస్టల్ గదిలోని తన యంత్రంలోనే పోర్ట్‌లెట్ రాసి, యాంట్ సాధనంతో మూటకట్టి, పుటలో చేర్చి, పగలగొట్టి, మళ్లీ నిలబెట్టగలిగాడు. పగలగొట్టే అవకాశమే ఇందులో అసలైన లాభం. వెబ్‌స్ఫియర్ గదిలో ఆ సాహసానికి ఎవరూ ఒప్పుకునేవారు కారు.

శిక్షణ ప్రకటనల్లో ‘రియల్ టైమ్ ఫ్యాకల్టీ’ అన్న మాట పోర్టల్ కోర్సులకు ప్రత్యేకంగా అతికింది. పగలు కంపెనీలో సర్వర్లను నిర్వహించి, ఉదయమో రాత్రో పాఠం చెప్పే ఉద్యోగులకే డిప్లాయ్‌మెంట్‌లోని లోగుట్టు తెలుసు. ఇంటర్నెట్ వేగం పెరిగాక ఇదే బోధన తెర మీదుగా అమెరికాలోని తెలుగువారికి వారి సాయంత్రం వేళ చేరింది. దీనికి చీకటి కోణమూ ఉంది: లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాసుకున్నవారికి, చేరిన ఉద్యోగంలో పని గడవడానికి రహస్యంగా సాయపడే ‘జాబ్ సపోర్ట్’ ఒక ఉపవృత్తిగా ఎదిగింది. ఇంటర్వ్యూలో కోడు గురించి అడిగితే పుస్తకం చాలుతుంది. సర్వర్ లేవనప్పుడు ఏ లాగ్ ఫైలు చూస్తావని అడిగితే చాలదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు అమ్మడమే ఆ వృత్తికి ఆధారం.

2008 జూన్‌లో వచ్చిన జె.ఎస్.ఆర్. 286 పోర్ట్‌లెట్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే మార్గం కల్పించింది గాని, డిప్లాయ్‌మెంట్ మౌనాన్ని వీడలేదు. అదే ఏడాది బి.ఇ.ఎ.ను, 2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ సొంతం చేసుకోవడంతో వెబ్‌లాజిక్ పోర్టల్ ప్రాభవం తగ్గింది. మూడో ప్రమాణమైన జె.ఎస్.ఆర్. 362 ఖరారైన 2017లోనే స్ప్రింగ్ తన అయిదో సంచికలో పోర్ట్‌లెట్ విభాగాన్ని తొలగించింది. పుటను సర్వర్‌లో ముక్కలుగా కూర్చే పనిని అప్పటికే బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ లాగేసుకుంది. 2018 డిసెంబరులో ప్రకటించిన ఒప్పందంతో వెబ్‌స్ఫియర్ పోర్టల్ హెచ్.సి.ఎల్. చేతికి వెళ్లింది. లైఫ్‌రే మాత్రం 2016 నాటి ఏడో సంచికతో ఓఎస్‌జీఐ అనే మాడ్యూళ్ల పద్ధతికి మారి, వార్ మూటల స్థానంలో చిన్న జార్ మాడ్యూళ్లకు ప్రాధాన్యమిచ్చింది. పాత లైఫ్‌రే కోర్సు చదివినవారికి డిప్లాయ్‌మెంట్ పాఠం మళ్లీ మొదటికి వచ్చింది, ఈసారి సర్వర్ మారకుండానే. ఆ తరువాతి పోర్టల్ తరగతుల్లో ఆరో సంచిక మీద రాసిన పోర్ట్‌లెట్లను ఏడో సంచికకు తరలించే పనికీ చోటు ఇవ్వవలసి వచ్చింది.