పాత మోటారునకు క్రొత్త ఇంజను

మద్రాసు నుండి కలకత్తాకు పోవు రాజమార్గము విశాఖపట్టణము దాటి, తగరపువలసయొద్ద గోస్తనీనదిని గడచి, భోగాపురము మీదుగా పూసపాటిరేగ, శ్రీకాకుళముల వైపు సాగును. ఈ మార్గమున తిరిగిన మోటారు బండ్ల చరిత్ర వ్రాయదలచినవాడు వాని ఆకారములను చూచి మోసపోరాదు. ఏండ్ల తరబడి ఒకే రూపముతో కనబడిన అంబాసిడరు కారులో ఒక ఇంజను పోయి మరియొకటి వచ్చినది; అదియు పోయి ఇంకొకటి వచ్చినది. పైతొడుగు మాత్రము నిలిచినది. పాత మోటారులో క్రొత్త ఇంజను అమర్చుట పట్టణములందలి షోకుగాండ్ర వినోదమని కొందరు తలంతురు. మన దేశమున అది మొదట కూటికొరకు పుట్టిన విద్య.

బొగ్గు బస్సుల మాట మీ పెద్దలు చెప్పగా మీరు వినియే యుందురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లో, పెట్రోలునకు రేషను వచ్చెను. అప్పుడు బస్సు వెనుక ఒక ఇనుప పీపా కట్టి, అందు కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించి, వెలువడిన వాయువును వడకట్టి ఇంజనులోనికి పంపుచుండిరి. ఆ వాయువులో సగభాగము మండని నైట్రోజనే యగుటచే ఇంజను బలము మూడవవంతు మొదలు సగము వరకు తగ్గిపోయెడిది. మెరక వచ్చినచోట ప్రయాణికులు దిగి త్రోయుటయు కలదు. అయినను ఆ మార్పులో ఒక మేలు లేకపోలేదు. బండి నెమ్మదించినది గనుక దాని పాత బ్రేకులును, పాత స్టీరింగును దానికి పుష్కలముగా చాలినవి.

యుద్ధానంతరము కథ తలక్రిందులైనది. 1950ల దశకమున మద్రాసులోని సింప్సన్ కంపెనీవారు పెర్కిన్సు డీసెలు ఇంజనులను తయారుచేయ మొదలిడిరి. పెట్రోలు లారీల యజమానులు పాత ఇంజను దింపి, ఆ స్థానమున డీసెలు ఇంజను ఎక్కించుకొనసాగిరి. డీసెలు వెల తక్కువ. అది చాలనంతగా, ఒక గ్యాలనుకు నడచు దూరమును ఎక్కువ. లారీకి అడుగున బలమైన ఛాసీ కలదు. నాటుబండికి నొగలెట్టివో లారీకి ఛాసీ అట్టిది. బరువైన ఇంజనును దానిపై బిగించినను అది ఓర్చుకొనును. లారీల ఊరని పేరుగాంచిన సాలూరు మన ప్రాంతమునందే యున్నది. అచ్చటినుండి సుంకి ఘాటు ఎక్కి దిగు డ్రైవరులకు ఇంజను బలమెంతయో, బ్రేకు బలమెంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

కారు సంగతి అట్టిది కాదు. హిందూస్థాన్ మోటార్సు కంపెనీ 1942లో ఏర్పడినది. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్సుఫర్డు కారును మాతృకగా గైకొని, 1950ల చివర కలకత్తా సమీపమున ఉత్తరపారాలో అంబాసిడరు నిర్మాణము మొదలుపెట్టిరి. మొదటి బండ్లలో 1476 ఘన సెంటీమీటర్ల ఇంజను ఉండెను. 1959లో దాని స్థానమున 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చెను. దాని బలము సుమారు 55 అశ్వశక్తులు. 1980 ప్రాంతమున కంపెనీవారే డీసెలు అంబాసిడరును వెలువరించిరి గాని, అది మిక్కిలి మందగామి. 1990ల తొలినాళ్ళలో జపానుదేశపు ఇసుజు ఇంజను, దానితో అయిదు గేర్లును వచ్చినవి. అనగా పాతతొడుగున క్రొత్త ఇంజను పెట్టిన మొదటి మేస్త్రీ కంపెనీయే! ఊరి మేస్త్రీని మాత్రమే నిందించుట న్యాయము కాదు.

ఊరి మేస్త్రీ చేసినదేమన, కంపెనీ డీసెలు ఇంజను కొరకు వేచియుండక, మటడారు వ్యానునకు చెందిన ఇంజనును అంబాసిడరులో కూర్చుట. పెట్రోలుతో టాక్సీ నడుపువానికి కిరాయిలో మిగులునది స్వల్పము; డీసెలుతో అదే దారిని నడిపినచో ఇంటికి నాలుగు రూకలు చేరును. దేశమునందు పలుచోట్ల ఈ పని విరివిగా జరిగినది. ఇంజను పట్టునట్లు మౌంటింగులు కోసి అతుకుట, గేరుపెట్టెతో జతపరచుట, షాఫ్టు పొడవు సరిచేయుట, రేడియేటరు మార్చుట — ఇవన్నియు గీచిన పటము లేక, కంటికొలతతో చేసిన పనులు. ఆ నేర్పును నేను మెచ్చుకొందును.

కాని డీసెలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని మిక్కిలిగా నొక్కి, ఆ వేడిమితోనే నూనెను మండింపవలెను. ఆ ఒత్తిడికి తాళుటకై దాని పోత దళసరిగా నుండును, బరువు హెచ్చును. అంబాసిడరునకు లారీవలె వేరు ఛాసీ లేదు. తొడుగే దాని యెముకలగూడు. ముందు చక్రములను మోయునవి మెలిపడి సాగు ఉక్కు కడ్డీలు. వానిపై అధిక భారము పడినపుడు ముందుభాగము క్రుంగును, చక్రముల వాలు మారును, టైరు ఒక అంచుననే అరుగును, బండి ఒక ప్రక్కకు లాగును. యజమాని టైరును నిందించి క్రొత్తది కొనును.

ఇక స్టీరింగు. అంబాసిడరునకు పండ్లకడ్డీ, పండ్లచక్రము గల అమరిక కలదు. ఏ యంత్రసహాయము లేక చేతి సత్తువతో త్రిప్పవలసినది గనుకనే చేతిచక్రమును అంత పెద్దదిగా చేసిరి. గానుగదూలము పొడవైనకొలది ఎద్దునకు శ్రమ తగ్గునుగదా. ముందు బరువు పెరిగిన కొలది ఆ చక్రము మొండికెత్తును. అందుచేత నేడు కొందరు చిన్న కారులందలి విద్యుత్తు మోటారు గల స్టీరింగు కమ్మిని తెచ్చి పాతబండికి తగిలింతురు. ఇది ఇంజను మార్పుకంటె సున్నితమైన పని. రెండు కమ్ములను కోసి వెల్డింగు చేసిన అతుకు విడిపోయినచో చేతిచక్రము చేతనే యుండును, బండి తన దారిన పోవును. పాత డైనమో ఆ మోటారునకు కావలసిన విద్యుత్తును ఈయజాలదు. దానిని కూడ మార్పవలెను. అయినను చక్కగా చేసినచో ఈ మార్పు వలన లాభమే కలదు. పాత స్టీరింగు కమ్మి డ్రైవరు రొమ్మునకు గురిపెట్టిన బల్లెము. ఢీకొన్నపుడు ముడుచుకొనిపోవునట్లు నేటివానిని నిర్మింతురు.

ఇంతలో మార్గమును మారినది. 2000 తరువాతి దశకమున ఈ రాజమార్గమును నాలుగు వరుసలుగా వెడల్పుచేసిరి. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి 90 పోయినచో, బ్రేకు నొక్కిన పిమ్మట అది నిలుచుటకు పట్టు దూరము ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు పెరుగును. క్రొత్త ఇంజను ఆ వేగమును సునాయాసముగా ఇచ్చును. డ్రమ్ము బ్రేకులు పాతవే. భోగాపురమువంటి ఊళ్ళలో జనము, పశువులు మార్గమును అడ్డముగా దాటవలసినవారే గనుక ఆ లెక్కను చెల్లించువాడు బండి యజమాని కాడు. బ్రేకులును, స్టీరింగును, ముందు కడ్డీలును మార్చిన పిమ్మట కాని ఇంజనును ముట్టరాదనుట నా మతము. మన షెడ్లలో పని జరిగిన వరుస దీనికి విరుద్ధము. ఏలయన ఇంజను మార్పునకు మాత్రమే ఖర్చు తిరిగివచ్చును.

అంబాసిడరు నిర్మాణము 2014 మే నెలలో నిలిచిపోయినది. అదే సంవత్సరము అక్టోబరులో డీసెలు వెలపై ప్రభుత్వ నియంత్రణము తొలగెను. పెట్రోలు, డీసెలుల వెలల నడుమ తేడా క్రమముగా తగ్గుటతో, టాక్సీవానిని మేస్త్రీయొద్దకు నడిపించిన కారణమే సన్నగిల్లినది. ఇప్పుడు తాతగారి కారునకు ప్రాణము పోయుదమని మనుమలు పూనుకొనుచున్నారు. వారి కోరిక మంచిదే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను మాత్రము, తయారీదారుడు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే దృఢపరచెను. ఇట్టి పని తలపెట్టువారు షెడ్డునకు పోకమునుపే రవాణా కార్యాలయమున విచారించుట మేలు. పాత టాక్సీని కొనువారు బానెటు ఎత్తించి, ఇంజనుమీద చెక్కిన సంఖ్యను రిజిస్ట్రేషను పుస్తకములోని సంఖ్యతో సరిచూచుకొనవలెను. అవి కలియనిచో, ప్రమాదము జరిగిన నాడు బీమా కంపెనీ వేయు మొదటి ప్రశ్న అదియే.