పరదేశులు నిలబెట్టిన చెస్ గదులు

1950లో బ్రూక్లిన్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్న రెజీనా ఫిషర్ అనే ఒంటరి తల్లి 'బ్రూక్లిన్ ఈగల్' పత్రికకు ఒక పోస్టుకార్డు రాసింది. తన ఏడేళ్ల కొడుక్కి చెస్ తప్ప మరో ధ్యాస లేదు, వాడితో ఆడే పిల్లలెవరైనా ఉంటే చెప్పండని. ఆ ప్రకటనను ఏ శీర్షిక కింద వెయ్యాలో పత్రికవాళ్లకు తోచలేదు. చివరికి కార్డు హెర్మన్ హెల్మ్స్ చేతికి వెళ్లింది. ఆ పత్రికలో చెస్ గురించి అర్ధశతాబ్దానికి పైగా రాస్తున్న పెద్దాయన. ఆయన ఓపిగ్గా జవాబు రాశాడు. గ్రాండ్ ఆర్మీ ప్లాజా గ్రంథాలయంలో ఒక మేటి ఆటగాడు ఒకేసారి చాలామందితో ఆడబోతున్నాడు, పిల్లవాణ్ణి తీసుకురమ్మని. 1951 జనవరి 17న ఆ పిల్లవాడు అక్కడ మాక్స్ పేవీతో ఆడి, కాసేపట్లోనే ఓడిపోయి, ఏడ్చాడు. చూస్తున్నవాళ్లలో బ్రూక్లిన్ చెస్ క్లబ్ అధ్యక్షుడు కార్మైన్ నైగ్రో ఉన్నాడు. మా క్లబ్బుకు రా అన్నాడు. బాబీ ఫిషర్ కథ అలా మొదలైంది.

ఒక తల్లి అడగడం, ఒక పత్రికాయన విసుక్కోకుండా జవాబివ్వడం, ఒక క్లబ్బు పెద్ద తలుపు తెరవడం. ఈ మూడింటిలో ఏది తప్పినా ప్రపంచ ఛాంపియన్ ఫిషర్ ఉండేవాడో లేదో.

పెళ్లయి జెర్సీ సిటీ వెళ్లిన కొత్తలో నాకు ఈ కథ తెలియదు. మా ఆయనది ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన వీసా. దాని మీద వెళ్లిన ఆడవాళ్లకు అప్పట్లో ఉద్యోగం చేసే వీలు లేదు. 2015లో ఆ నిబంధన సడలించారు, అదీ కొందరికే. గుంటూరులో కాలేజీ జట్టుకు ఆడినదాన్ని, పగలంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. జర్నల్ స్క్వేర్ దగ్గర న్యూఆర్క్ అవెన్యూకి వెళ్తే కందిపప్పు దొరికేది, కరివేపాకు దొరికేది, తెలుగులో కబుర్లు చెప్పేవాళ్లూ దొరికేవాళ్లు. ఎదురుగా కూర్చుని ఒక ఆట ఆడే మనిషి మాత్రం దొరకలేదు. ఇంటర్నెట్‌లో ఆడేదాన్ని. అవతల ఒక మారుపేరు, పక్కన ఒక రేటింగు అంకె. ఆట అయిపోగానే ఆ మనిషి మాయం. ఎందుకు ఓడానో, అతనెందుకు ఆ ఎత్తు వేశాడో అడగడానికి లేదు.

పాత్ రైలెక్కి హడ్సన్ నది కింద నుంచి నైన్త్ స్ట్రీట్ స్టేషన్లో దిగితే, నాలుగడుగుల దూరంలో వెస్ట్ టెన్త్ స్ట్రీట్. అక్కడ 23వ నంబరు ఇల్లు బయటి నుంచి చూస్తే ఆ వీధిలోని మిగతా పాత ఇళ్లలాగే ఉంటుంది. అదే మార్షల్ చెస్ క్లబ్. ఇరవై ఏడేళ్లు అమెరికా ఛాంపియన్‌గా ఉన్న ఫ్రాంక్ మార్షల్ 1915లో ఒక భోజన హోటల్లో దీన్ని మొదలుపెట్టాడు. చోట్లు మారుతూ వచ్చిన క్లబ్బుకు 1931లో డబ్బున్న అభిమానులు కొందరు ఈ ఇల్లు కొనిచ్చారు. మార్షల్ దంపతులు అక్కడే కాపురమున్నారు. 1944లో ఆయన పోయాక భార్య కరోలైన్ మార్షల్ 1971లో తాను కన్నుమూసేదాకా క్లబ్బును నడిపింది. పాత చెక్క బల్లలు, గోడల నిండా ఫోటోలు, మాట వినపడని హాలు. 1956 అక్టోబరు 17 రాత్రి పదమూడేళ్ల ఫిషర్ ఈ ఇంట్లోనే డొనాల్డ్ బర్న్‌కు మంత్రిని వదిలేసి, నలభై ఒకటో ఎత్తుకు ఆట కట్టించాడు. శతాబ్దపు ఆట అని దానికి పేరు.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ ఒక్క ఆట కాదు, గోడల మీది పేర్లు. వాటిలో ఎన్నో న్యూయార్క్‌లో పుట్టినవాళ్లవి కావు. ఆ ఊరి చెస్ చరిత్ర అంటేనే బయటివాళ్ల చరిత్ర.

మొదటి అధికారిక ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1886 జనవరిలో న్యూయార్క్‌లో మొదలై, సెయింట్ లూయిస్ మీదుగా న్యూ ఆర్లియన్స్‌లో ముగిసింది. గెలిచిన స్టైనిట్స్ ప్రేగ్‌లో పుట్టి, వియన్నాలో పేరు తెచ్చుకుని, ఇరవై ఏళ్లు లండన్‌లో ఆడి, అక్కడ ఇమడలేక అమెరికా చేరినవాడు. ఓడిన జుకర్‌టోర్ట్ పోలండు నేల మీద పుట్టి లండన్‌లో స్థిరపడ్డవాడు. అమెరికాలో జరిగిన ఆ పోటీలో అమెరికాలో పుట్టిన ఆటగాడే లేడు. రెండేళ్ల తర్వాత స్టైనిట్స్ అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. 1900లో అదే నగరంలో, మతి చెడి, చేతిలో కాసు లేకుండా పోయాడు. ప్రపంచ ఛాంపియన్‌ను ఆ ఊరు అలా పోనివ్వడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ రోజుల్లో పెద్ద క్లబ్బు మాన్‌హాటన్ చెస్ క్లబ్. 1877లో పుట్టింది. క్యూబా నుంచి చదువుకోసం వచ్చిన కాపబ్లాంకాను కొలంబియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివించాలని ఇంటివాళ్లూ దాతలూ అనుకున్నారు. కుర్రవాడు మాత్రం ఈ క్లబ్బును వదల్లేదు. చదువు సగంలో ఆగింది. 1909లో అదే కుర్రవాడు మార్షల్‌ను మ్యాచ్‌లో 8-1తో ఓడించాడు, పద్నాలుగు ఆటలు డ్రా. అంతగా దెబ్బతిన్న మార్షల్ కక్ష పెంచుకోలేదు సరికదా, 1911లో శాన్ సెబాస్టియన్‌లో జరిగే పెద్ద పోటీకి ఈ కుర్రవాణ్ణి రానివ్వాలని పట్టుబట్టాడు. కాపబ్లాంకా అక్కడ మొదటి స్థానంలో నిలిచాడు. పరాయి దేశం నుంచి వచ్చి తనను ఓడించినవాడికి దారి చూపడం, నా దృష్టిలో, మార్షల్ ఆడిన ఏ ఆటకన్నా గొప్పది.

జర్మనీలో నాజీలు ఆస్తంతా లాక్కుంటే మాస్కో వెళ్లి, అక్కడా నిలవలేక, 1937లో న్యూయార్క్ చేరిన మాజీ ఛాంపియన్ ఎమాన్యుయేల్ లాస్కర్ అరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ ప్రదర్శన ఆటలు ఆడి బతకవలసి వచ్చింది. 1941 జనవరిలో మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో పోయాడు. మరుసటి ఏడు మార్చిలో మాన్‌హాటన్ క్లబ్బులో ఆట చూస్తూ కుప్పకూలిన కాపబ్లాంకాను తీసుకెళ్లిందీ ఆ ఆసుపత్రికే. మర్నాడు ఆయనా పోయాడు.

ఆడవాళ్ల సంగతి చెప్పాలి. నేను మార్షల్ క్లబ్బుకు మొదటిసారి వెళ్లిన సాయంత్రం హాల్లో నేనొక్కదాన్నే ఆడమనిషిని. ఆ తర్వాతే కరోలైన్ మార్షల్ గురించి తెలుసుకున్నాను. 1930లలో అమెరికా మహిళల ఛాంపియన్‌షిప్ ఒక దారికి రావడానికి ఆవిడ పూనికే ముఖ్య కారణం. 1938లో ఆ పోటీ గెలిచిన మోనా మే కార్ఫ్ బెస్సరేబియాలో పుట్టి, పాలస్తీనా మీదుగా అమెరికా వచ్చినావిడ. అంతకు ముందు ఏడాదే స్టాక్‌హోమ్‌లో పాలస్తీనా తరఫున ఆడింది. ఏడుసార్లు అమెరికా ఛాంపియన్ అయింది, చివరిసారి 1974లో. కొత్త దేశంలో వీసా కాగితం మీద నేనెవరని రాసి ఉన్నా, బల్ల దగ్గర అది లెక్కకు రాదని ఆవిడ బతుకు చదివాకే నాకు ధైర్యం కలిగింది.

క్లబ్బు సభ్యత్వం కట్టలేనివాళ్లకు వేరే గదులుండేవి. నలభై రెండో వీధిలో ఒక మేడ మీద రాత్రీ పగలూ తెరిచి ఉండే చెస్ గది ఉండేది. అందరూ ఫ్లీ హౌస్ అనేవారు. గంటకు కొన్ని సెంట్లు ఇచ్చి నిద్రలేని వలసజనం అక్కడ కాలక్షేపం చేసేవారు. జార్జియా నుంచి వచ్చిన మల్లయోధుడు కోలా క్వారియానీ అక్కడ నిత్యం కనబడేవాడు. న్యూయార్క్ పార్కుల్లో డబ్బులకు చెస్ ఆడి పెరిగిన స్టాన్లీ క్యూబ్రిక్ 1956లో తీసిన 'ద కిల్లింగ్' సినిమాలో ఆయనకు వేషమిచ్చాడు, అందులో చెస్ గది దృశ్యం కూడా పెట్టాడు. కళాకారుడు మార్సెల్ డుషాం సంగతి సరేసరి. ఫ్రాన్స్ తరఫున ఒలింపియాడ్లు ఆడిన ఆయన న్యూయార్క్‌లో మార్షల్ క్లబ్ సభ్యుడు.

నా అడుగులు ఎక్కువగా పడింది గ్రీనిచ్ విలేజ్‌లోని థాంప్సన్ స్ట్రీట్ మీద. ఆ చుట్టుపక్కలే ఒకప్పుడు నికొలాస్ రొసోలిమో చిన్న చెస్ స్టూడియో నడిపాడు. కీవ్‌లో పుట్టి, పారిస్‌కు వలసవెళ్లి, గ్రాండ్‌మాస్టర్ అయి, న్యూయార్క్‌లో టాక్సీ నడిపిన మనిషి. సిసిలియన్ డిఫెన్స్‌కు ఎదురుగా మూడో ఎత్తుకే శకటును బయటికి తెచ్చే పద్ధతికి ఆయన పేరే పెట్టారు. నేను వెళ్లే రోజుల్లో ఆ వీధిలో రెండు చెస్ దుకాణాలు ఎదురెదురుగా ఉండేవి. పాతది విలేజ్ చెస్ షాప్. రెండోది లెబనాన్ నుంచి వచ్చిన ఒక పాలస్తీనీయుడు 1995లో తెరిచిన చెస్ ఫోరమ్. గంటకింతని డబ్బులిస్తే బల్ల, పావులు, గడియారం ఇస్తారు. ఎవరూ లేకుండా ఒంటరిగా వెళ్లినా ఎదురు కూర్చునేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. కాస్త దూరంలో వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో రాతి బల్లల దగ్గర డబ్బు పందెం ఆటలు. అక్కడ నేను చూడడమే గానీ కూర్చోలేదు.

దుకాణంలో సోవియట్ రోజుల్లో వలసవచ్చిన ఒక ముసలాయనతో తరచు ఆడేదాన్ని. ఆయనకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, నాకు రష్యన్ ఒక్క ముక్క రాదు. ఆట అయ్యాక ఆయన చెయ్యి కలిపి లేచిపోయేవాడు కాదు. పావులన్నీ గబగబా వెనక్కి పేర్చి, పదిహేనో ఎత్తు దగ్గర ఆగేవాడు. నేను ఆత్రంగా ముందుకు తోసిన బంటును చిటికెన వేలితో వెనక్కి జరిపి, నా ఏనుగు నెత్తిన రెండుసార్లు తట్టి, ఖాళీగా ఉన్న నిలువు వరుస వెంట వేలు పైదాకా గీసేవాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి నా మొహం చూసేవాడు, అర్థమైందా అన్నట్టు. అర్థమయ్యేది. ముందు ఏనుగు, తర్వాత బంటు. కోచింగ్ పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదివినా నాకు పట్టుబడని సంగతి ఆ వేలిగీతతో పట్టుబడింది. ఇంటర్నెట్ ఆటలో నాకు కరువైంది ఇదే.

ఎదుటి మనిషి లేకపోతే ఆట ఎలా ఉంటుందో 1965లో ఫిషర్ కూడా చవిచూశాడు. హవానాలో కాపబ్లాంకా స్మారక పోటీ. క్యూబాకు వెళ్లడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించలేదు. ఆయన మార్షల్ క్లబ్బులోనే, కాపబ్లాంకా ఆడిన బల్ల ముందు కూర్చుని, టెలిటైప్ యంత్రం మీద ఎత్తులు పంపుతూ పోటీ అంతా ఆడాడు. హవానాలో ఆయన తరఫున బోర్డు మీద పావులు జరిపింది కాపబ్లాంకా కొడుకు. ఆటలు గంటలకు గంటలు సాగి ఫిషర్‌ను అలసటలో ముంచేవి. అయినా మొదటి స్థానంలో నిలిచిన స్మిస్లోవ్ కంటే అర పాయింటు వెనకబడి, రెండో స్థానం ఇంకో ఇద్దరితో పంచుకున్నాడు.

మాన్‌హాటన్ చెస్ క్లబ్ 2002లో మూతపడింది. విలేజ్ చెస్ షాప్ 2012లో మూసేశారు. ఆ ఊళ్లో అద్దెలు తెలిసినవాళ్లెవరికీ ఇది ఆశ్చర్యం కాదు. మార్షల్ మాత్రం సొంత ఇంట్లో ఉండడం వల్ల నిలిచింది. 1931లో ఆ ఇల్లు కొనిచ్చినవాళ్లకు ఈనాటి ఆటగాళ్లంతా రుణపడి ఉన్నారు. 2024 డిసెంబరులో, ఆ ఇంటికి కొద్ది మైళ్ల దూరంలో, వాల్ స్ట్రీట్‌లో మన కోనేరు హంపి రెండోసారి ప్రపంచ రాపిడ్ ఛాంపియన్ అయింది. ఇండియాకు తిరిగొచ్చాక హైదరాబాద్‌లో కూర్చుని ఆ వార్త విన్నప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మన సంగతికొస్తే, విశ్వనాథన్ ఆనంద్‌కూ ఇలాంటి పరాయి ఊరు ఒకటుంది. నాన్న రైల్వే ఉద్యోగం మీద మనీలా వెళ్లినప్పుడు, అక్కడి టీవీలో మధ్యాహ్నం వచ్చే చెస్ కార్యక్రమంలోని పజిళ్లను అమ్మ రాసిపెట్టేది. పిల్లవాడు బడి నుంచి వచ్చి విప్పేవాడు. బహుమతిగా పుస్తకాలు గెలిచి గెలిచి, కావలసినన్ని పుస్తకాలు పట్టుకుపో, ఇక జవాబులు పంపకు అని కార్యక్రమం వాళ్లే అన్నారట. మద్రాసులో ఆయన ఆడిన తాల్ చెస్ క్లబ్ కూడా సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో మాన్యుయెల్ ఆరన్ నడిపినదే.

హంపి, హరికృష్ణ, హారిక, అర్జున్ ఎరిగైసి పుట్టిన నేల మనది. పిల్లలకు కోచింగ్ అకాడమీలు వీధికొకటి ఉన్నాయి. కానీ ఒక నలభై ఏళ్ల మనిషి, లేదా కొత్తగా ఊళ్లోకి వచ్చిన పరాయివాడు, సాయంత్రం వెళ్లి కూర్చుని ఒక ఆట ఆడుకునే గది హైదరాబాద్‌లో నేను వెతికినంతలో దొరకలేదు. ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాల్లో ఆఫ్రికా నుంచీ మధ్య ఆసియా నుంచీ వచ్చిన విద్యార్థులున్నారు. వాళ్లలో ఎంతమంది గదిలో ఒంటరిగా ఫోన్లో చెస్ ఆడుకుంటున్నారో.

విదేశం వెళ్తున్న పిల్లలకు ఒక మాట. ఎత్తులు రాసుకోవడం, గడియారంతో ఆడడం ఇక్కడే అలవాటు చేసుకుని వెళ్లండి. అమెరికాలో రేటింగు పోటీల్లో ఆడాలంటే ముందు అక్కడి చెస్ ఫెడరేషన్ సభ్యత్వం తీసుకోవాలి. వెళ్లిన మొదటి వారంలోనే క్లబ్బు ఎక్కడుందో కనుక్కోండి, బెరుకు పోయాక వెళ్దామని ఆగకండి. ఇక్కడున్న గ్రంథాలయాల పెద్దలకు ఇంకో మాట. వారానికి రెండు సాయంత్రాలు, నాలుగు బల్లలు, నాలుగు బోర్డులు, తలుపు మీద అందరూ రావచ్చు అని ఒక కాగితం. ఎవరు మొదలుపెట్టినా బోర్డులూ గడియారాలూ నేను తెచ్చిపెడతాను.