మా అమ్మ చూసిన ఉడాన్

శామీర్‌పేట నుంచి హకీంపేట వైపు తెల్లవారుజామున వస్తుంటే రోడ్డు పక్కన పరుగు తీస్తున్న ఆడపిల్లలు కనబడతారు. పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిన ఏడాది వాళ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది. వాళ్లలో మా కాలేజీలో చదివిన అమ్మాయిలూ ఉంటారు. పోలీసే ఎందుకు కావాలనుకున్నావని ఒకమ్మాయిని అడిగాను. "మా జాగ లొల్లిల ఠాణా సుట్టు మస్తు తిరిగినం మేడం. మా అమ్మను కూసోమని గూడ ఎవ్వరన్లే" అంది. ఆ మాటతో నాకు ఉడాన్ సీరియల్ గుర్తొచ్చింది. అంతకంటే ఎక్కువగా, అది చూసి మా అమ్మ అన్న మాట గుర్తొచ్చింది.

ఉడాన్ 1989లో దూరదర్శన్‌లో మొదలైంది. కవితా చౌదరి తానే రాసి, తానే దర్శకత్వం వహించి, కళ్యాణి సింగ్ అనే కొత్త ఐ.పి.ఎస్. అధికారిగా తానే నటించింది. ఆ కథకు ప్రేరణ ఆమె అక్క కంచన్ చౌదరి భట్టాచార్య. కిరణ్ బేడీ 1972లో తొలి మహిళా ఐ.పి.ఎస్. అయితే, కంచన్ 1973 బ్యాచ్. 2004లో ఉత్తరాఖండ్‌లో దేశానికే తొలి మహిళా డి.జి.పి. అయింది. ఐ.పి.ఎస్.లకు శిక్షణ ఇచ్చే జాతీయ పోలీసు అకాడమీ మౌంట్ అబూ నుంచి 1975లో మన హైదరాబాదుకే వచ్చింది. కాని మేడ్చల్‌లో ఉన్న మాకు ఆ సంగతేమీ తెలియదు. పక్కింటి బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చాపేసుకుని చూసేవాళ్లం. చుట్టుపక్కల ఉర్దూ చెవిన పడుతూనే ఉండేది కాబట్టి హిందీ మాకు మరీ అడ్డం కాలేదు.

ఉడాన్‌ను మెచ్చుకున్నవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: ఆడపిల్లలకు స్ఫూర్తినిచ్చింది. 2019లో కంచన్, 2024లో కవిత చనిపోయినప్పుడు కూడా నివాళుల్లో ఆ మాటే వినిపించింది. అది అబద్ధం కాదు. కాని స్ఫూర్తి అనేసరికి చర్చ ఒక అమ్మాయి పట్టుదల దగ్గరే ఆగిపోతుంది. ఆమె ఎగిరింది, మీరూ ఎగరండి అంటాం. ఆమె వెళ్లి చేరిన వ్యవస్థ ఎలాంటిదని అడగం.

యూనివర్సిటీకి వచ్చాక నేను ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్నాను. హైదరాబాదులో స్త్రీల ఉద్యమ చరిత్ర చదివితే పోలీస్ స్టేషన్ రక్షణ ఇచ్చే చోటుగా కనబడదు. 1978లో రమీజాబీపై నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో అత్యాచారం జరిగింది. ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుసేన్ పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కాని రాయచూరుకు మార్చిన కేసులో వాళ్లు 1981లో నిర్దోషులుగా బయటపడ్డారు. అంతా కలిసి రమీజాబీ నడవడికనే బోనులో నిలబెట్టారు. మథుర, రమీజాబీల కేసులపై రేగిన ఆందోళన వల్లనే 1983లో కస్టడీ అత్యాచారాలపై చట్టం మారింది. ఇది చదివాక కళ్యాణి యూనిఫాం నాకు అనుమానంగా కనబడింది. ఒక మంచి అధికారిని చూపించి మొత్తం ఠాణాను కడిగేస్తున్నారనిపించింది.

1990లో వచ్చిన 'కర్తవ్యం' ఆ అనుమానాన్ని ఇంకా పెంచింది. పోలీసు అధికారి వైజయంతి పాత్రకు విజయశాంతి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చుకుంది. సినిమా తమిళంలోకి వెళ్లింది, 1994లో 'తేజస్విని'గా హిందీలోకీ వెళ్లింది. హాలంతా ఈలలు వేసింది ఆమె కోపానికి, ఆమె కొట్టే దెబ్బకి. అధికారం మగవాడి చేతి నుంచి ఆడదాని చేతికి మారింది గాని దాని భాష మారలేదు కదా అని మేం వాదించుకునేవాళ్లం.

ఇన్నేళ్ల తర్వాత చూస్తే, మెచ్చుకున్నవాళ్లూ అనుమానించిన నేనూ కూడా యూనిఫాంనే చూశామనిపిస్తుంది. మా అమ్మ చూసింది వేరు. సీరియల్ అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుంటూ అంది: "గా పిల్ల కుర్సీల కూసుంటె మనమసొంటోళ్లం పొయ్యి చెప్పుకోవచ్చు గదా బిడ్డా."

అమ్మ ఏ వీరనారినీ చూడలేదు. బల్లకు అవతల తన మాట వినే మనిషిని చూసింది. నిజానికి ఉడాన్ కథకు మూలం కూడా అదే. ఆస్తి తగాదాలో తండ్రికి న్యాయం దొరక్కపోవడం చూసిన కూతురు ఆ కుర్చీ వెతుక్కుంటూ వెళుతుంది. లాఠీ కోసం కాదు, ఫిర్యాదు కోసం పోలీసయింది. చదువులేని మా అమ్మ ఒక్క వాక్యంలో పట్టుకున్న ఈ సంగతి నాకెందుకు అందలేదు? పొలం గట్టు తగాదాలో ఆమె ఠాణా గుమ్మం దగ్గర నిలబడింది. నేను పుస్తకాల దగ్గర కూర్చున్నాను.

అలాగని నా అనుమానాన్ని వదులుకోను. కళ్యాణి ఐ.పి.ఎస్. హకీంపేట రోడ్డు మీద పరుగెత్తే పిల్లలు కానిస్టేబుళ్లవుతారు. కుర్చీ వాళ్లది కాదు, దాని పక్కన నిలబడే డ్యూటీ వాళ్లది. 2014లో హైదరాబాదులో షీ టీమ్స్ వచ్చాయి, స్టేషన్లలో ఆడవాళ్లు పెరిగారు. ఆ తర్వాత ఒకసారి భర్త కొట్టిన మనిషిని తీసుకుని ఒక స్టేషన్‌కు వెళ్లాను. కొత్తగా చేరిన అమ్మాయి కుర్చీ జరిపి, మంచినీళ్లిచ్చి, అంతా రాసుకుంది. లోపలి నుంచి పెద్దాయన వచ్చి "సర్దుకుపొమ్మను" అన్నాడు. ఆ అమ్మాయి కలం ఆగిపోయింది. ఆమె మొహంలోని అవమానం నేను మర్చిపోలేను. ఆ అమ్మాయి గురించి ఏ సీరియలూ రాలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మేడ్చల్, శామీర్‌పేట పొలాలు ప్లాట్లయ్యాయి. జాగ తగాదాలు పెరిగాయి, ఠాణాకు వెళ్లే ఆడవాళ్లూ పెరిగారు. వాళ్లను కూర్చోమనే వాళ్లుండాలి. కూర్చోబెట్టిన అమ్మాయి రాసిన కాగితానికి విలువా ఉండాలి. మొదటిది మా అమ్మ అడిగింది. రెండోది మనం అడగాల్సి ఉంది.