పేరు మనది, పట్టా ఎవరిది?

మొన్న జుమా నమాజు అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా ఖాలా కొడుకు ఆపాడు. "భాయ్, దుకాణానికి వెబ్‌సైట్ పెడదామనుకుంటున్నా. పేరు ఖరీదు చెయ్యాలంటే ఎంతవుతుంది?" అన్నాడు. "ఖరీదు కాదురా, కిరాయా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఒకప్పుడు నాకూ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి పోవాల్సింది పోయింది.

మా అబ్బా దగ్గర ఒక ఉర్దూ నోట్‌బుక్ ఉండేది. కోటలో ఏ ఖాందాన్ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి నికాహ్ ఎప్పుడు, ఎవరి ఇంతెకాల్ ఏ తారీఖున, అన్నీ రాసుకునేవారు. ఆయన పోయాక దాన్ని తెలుగులోకి తెచ్చి ఒక వెబ్‌సైట్‌గా పెట్టాను. గూడూరులో కంప్యూటర్ షాపు నడిపే కుర్రాడు అన్నీ తనే చూసుకున్నాడు. ఏటా డబ్బు తీసుకుని "అయిపోయింది సార్" అనేవాడు. కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్న మనవాళ్ళు చదివి, "మా దాదా పోయింది ఆ ఏడు కాదు, ముందటి రంజాన్‌లో" అని సవరణలు పంపేవాళ్ళు. ఎప్పటికప్పుడు అందులోనే దిద్దేవాణ్ణి. ఒకరోజు తెరిస్తే జూదం ప్రకటనలు, ఏదో తెలియని భాషలో. కుర్రాడు షాపు మూసేసి ఊరు వదిలిపోయాడు. పేరు అతని పేరు మీదే రిజిస్టరై ఉంది. గడువు తీరుతోందన్న ఉత్తరాలు అతని మెయిల్‌కే వెళ్ళాయి. నోట్‌బుక్ నా దగ్గరే ఉంది, ఆ సవరణలు మాత్రం పోయాయి.

ఆ బాధలోనే ఈ పేర్ల తారీఖ్ తిరగేశాను.

కంప్యూటర్‌కు కావలసింది అంకెలు. మనిషికి పేరు కావాలి. ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్ రోజుల్లో ఏ పేరుకు ఏ అంకె అన్నది ఒకే ఒక్క జాబితాలో ఉండేది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం దాన్ని చూసుకునేది. కొత్త పేరు చేర్చాలంటే వాళ్ళకు చెప్పుకోవాలి. ఒక మునీమ్, ఒక ఖాతా పుస్తకం అన్నమాట. కంప్యూటర్లు పెరిగాక ఆ పుస్తకం మోయలేనిదైంది. 1983లో పాల్ మోకపెట్రిస్ దాన్ని అంచెలంచెలుగా పంచే పద్ధతి తయారుచేశాడు. అదే డొమైన్ నేమ్ సిస్టమ్. చివర ఉన్న 'డాట్ కామ్', 'డాట్ ఇన్' జిల్లా దఫ్తర్ లాంటివి. దాని ఎడమ పక్కన మనం పెట్టుకునే పేరుకు లెక్క ఆ దఫ్తర్‌లో ఉంటుంది.

మొదటి డాట్ కామ్ పేరు సింబాలిక్స్ అనే కంపెనీది, 1985 మార్చి 15న నమోదైంది. అప్పట్లో పైసా ఖర్చు లేదు. 1995లో రుసుము మొదలైంది, రెండేళ్ళకు 100 డాలర్లు. కిరాయా జమానా అక్కడే మొదలైంది. 1998లో వీటన్నిటినీ చూసుకోడానికి ఐకాన్ అనే సంస్థ పుట్టింది. మన దేశపు డాట్ ఇన్ 1989 నుంచీ ఉంది గానీ, మామూలు జనానికి తలుపు తెరుచుకుంది 2005లోనే. ఇప్పుడా దఫ్తర్ నిక్సీ అనే సంస్థది.

పేరు మీద హక్కు ఎవరిదన్న ముకద్దమా మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అందులో ఒక పక్షం మన తెలుగు గడ్డకు సంబంధించినదే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పుట్టించిన సత్యం ఇన్ఫోవే తన పేరులోని ముక్కలు కలిపి 'సిఫీ' అనే మాట తయారుచేసుకుని, 1999లో ఆ మాటతో డొమైన్లు నమోదు చేసుకుంది. 2001లో మరో కంపెనీ ఒక 'ఎఫ్' ఎక్కువ పెట్టి 'సిఫీనెట్' అని వచ్చింది. అదెక్కడి పేరయ్యా అంటే, మా ఐదుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపామన్నారు: ఎస్, ఐ, ఎఫ్, ఎఫ్, వై. ఆ ఐదూ మనవాళ్ళ పేర్లే. ఫైసలాలో ఆ పేజీ చదువుతుంటే కాస్త నవ్వూ వచ్చింది, కాస్త మనసూ కలుక్కుమంది.

బెంగళూరు సివిల్ కోర్టు ఆ పేరు వాడొద్దంది. రెండు వ్యాపారాలూ వేరు కదా అని కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2004 మే 6న జస్టిస్ రూమా పాల్, జస్టిస్ పి. వెంకటరామరెడ్డి బెంచీ మళ్ళీ సత్యం వైపే మొగ్గింది. ఐదక్షరాల కథను అదాలత్ నమ్మలేదు. డొమైన్ పేరు వట్టి చిరునామా కాదు, వ్యాపారానికి పహచాన్ కూడా అంది. డొమైన్ల కోసం మనకు ప్రత్యేక చట్టం లేకపోయినా, ట్రేడ్‌మార్కుకు ఉండే రక్షణే దీనికీ వర్తిస్తుందని తేల్చింది. కాబట్టి నమోదు చేసేముందు ఆ పేరు ఇంకొకరికి నిషానీగా ఉందేమో చూసుకోవాలి. ఖాళీగా దొరికింది కదా అని హలాల్ అయిపోదు.

ఇక నమోదు సంగతి. ఇందులో ముగ్గురుంటారు. లెక్క పుస్తకం పట్టుకునే రిజిస్ట్రీ, మన దగ్గర డబ్బు తీసుకుని అందులో రాయించే రిజిస్ట్రార్, పేరు తీసుకునే మనం. పదేళ్ళకు మించి ఒక్కసారిగా ఇవ్వరు. ఇంతకీ చూడాల్సింది ధర కాదు, రికార్డులో యజమాని గడిలో ఎవరి పేరుంది, ఎవరి మెయిల్ ఉంది అన్నదే. వక్ఫ్ జమీన్‌ను ముతవల్లీ తన పేరున రాయించుకుంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? అమానత్‌గా పెట్టుకున్నవాడు మంచివాడే కావచ్చు, ఊరు వదిలిపోతే ఏం చేస్తాం? నేను పోగొట్టుకున్నది డాట్ కామ్. గడువు దాటిన వెంటనే అది పోదు. మామూలుగా 45 రోజుల దాకా వెసులుబాటు ఉంటుంది, ఆ తర్వాత జుర్మానా కట్టి విడిపించుకోడానికి ఇంకో 30 రోజులు, చివర 5 రోజుల్లో చెరిపేస్తారు. ఆ తర్వాత ఎవరు ముందొస్తే వాళ్ళది. అంటే నాకు సుమారు 80 రోజులు ఉండింది, తెలిసుంటే.

రెండోసారి పేరు తీసుకునేటప్పుడు లిపి సంగతి ముందుకొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో 'కోట' అని వెతికితే రాజస్థాన్ కోటాలోని కోచింగ్ సెంటర్లే వరస కడతాయి. పక్కన నెల్లూరు తగిలిద్దామంటే, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా మండలం తిరుపతిలోకి పోయింది. సర్కారు గీతలు మారినప్పుడల్లా పేరు మారుస్తామా? మన లిపిలోనే పెట్టుకోవచ్చు కదా అనిపించింది. పెట్టుకోవచ్చు. 2010 మే 5న ఇంగ్లీషు కాని లిపిలో మొదటి దేశపు పేర్లు వెలిసినప్పుడు ఆ మూడూ అరబీ లిపివే: సౌదీ, ఎమిరేట్స్, మిస్ర్. మరుసటి ఏడు మన దేశానికి ఏడు లిపుల్లో అనుమతి వచ్చింది. అందులో తెలుగు 'భారత్' ఉంది, ఉర్దూ 'భారత్' కూడా ఉంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ జాబితా చూస్తే ఈద్ లాగే అనిపించింది.

లోపల మాత్రం యంత్రం ఆ అక్షరాలను ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి గజిబిజిగా మార్చి దాచుకుంటుంది. పైగా ఉర్దూలో ఒక చిక్కుంది. అరబీ కాఫ్, ఉర్దూ కాఫ్ మాట మధ్యలో కంటికి ఒక్కటే, యంత్రానికి వేర్వేరు అక్షరాలు. ఒకటి బదులు ఇంకొకటి కొడితే ఇల్లు దొరకదు.

తెలుగు పేరు ఈసారి నా పేరున, నా మెయిల్‌తో, ఐదేళ్ళకు తీసుకున్నాను. అమ్మీ మెయిల్ కూడా రెండోదిగా ఇచ్చాను, నాకేమన్నా అయితే పిల్లలు చూసుకుంటారని. ఉర్దూ పేరు ఇంకా తీసుకోలేదు. కోటను ఉర్దూలో రాస్తే చివర అలిఫ్ పెట్టాలా, హే పెట్టాలా? తేల్చుకుందామని అబ్బా నోట్‌బుక్ తీశాను. మొదటి పేజీలో అలిఫ్‌తో రాశారు. మూడో పేజీలో హేతో.