పేదపేట ఖజానా: పోప్లర్ కౌన్సిలు నేర్పిన పాఠం

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం వచ్చిన సంగతి మనం చదువుకున్నాం. ఆ కంపెనీ ఓడలు కట్టించుకున్న బ్లాక్‌వాల్, 1806లో దాని వ్యాపారం కోసం తెరచిన ఈస్టిండియా డాక్, ఈ రెండూ లండన్ తూర్పువైపున పోప్లర్ అనే పేటలోవి. తూర్పుదేశాల సంపద దిగిన ఆ రేవులో, ఆ సంపదను భుజాన మోసినవాడికి ఏం మిగిలింది? ఈ ప్రశ్నకు ఒక మునిసిపల్ కౌన్సిలు 1921లో జైలుకు వెళ్లి సమాధానం చెప్పింది. ఆ కథను వీరగాథగా చెప్పడం సులభం. నేను దాన్ని లెక్కల కథగా చెప్పదలచుకున్నాను. దాని అసలు బలం అక్కడే వున్నదని నా అభిప్రాయం.

రేవు పని రోజుకూలి పని. ఉదయమే డాకు గేటు దగ్గర జనం గుమిగూడేవారు. మేస్త్రీ ఏరుకున్నవాడికి ఆ పూట కూడు, తక్కినవాడికి ఇంటిదారి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన వ్యాపారపు జోరు 1920 చివరికల్లా చల్లారింది. 1921 వేసవి నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగులు 20 లక్షలు దాటారు. పోప్లర్ వంటి పేటలలో ప్రతి వీధికీ ఆ దెబ్బ తగిలింది.

అంతకుముందే, 1919 నవంబరులో, అక్కడి కౌన్సిలు లేబర్ పార్టీ చేతికి వచ్చింది. 42 స్థానాలలో 39 వారివే. జార్జ్ లాన్స్‌బరీ మేయరు అయినారు. ఆ కౌన్సిలు ఇండ్లు కట్టించడానికీ, ప్రజారోగ్యానికీ, పనిలేనివారికి పనులు కల్పించడానికీ పూనుకున్నది. 1920లో తన కార్మికులకు వారానికి 4 పౌనుల కనీస వేతనం నిర్ణయించింది. మగవారికీ ఆడవారికీ ఒకటే వేతనం. ఆ కాలానికి ఇది సామాన్యమైన నిర్ణయం కాదు.

మరి డబ్బేది? చిక్కంతా ఇక్కడ వున్నది. నాటి ఇంగ్లండులో పేదలను పోషించే భారం ఏ పేటది ఆ పేటదే. ఆస్తుల అద్దె విలువలో పౌనుకు ఒక పెన్నీ చొప్పున పన్ను వేస్తే ధనికుల వెస్ట్‌మినిస్టరులో 31 వేల పౌనులకు పైగా వసూలయ్యేది. అదే పన్నుకు పోప్లర్‌లో వచ్చేది 3,600 పౌనుల పైచిలుకు మాత్రమే. అంటే నిరుద్యోగులు ఎక్కువగా వున్నచోట ఖజానా చిన్నది, నిరుద్యోగులు తక్కువగా వున్నచోట ఖజానా పెద్దది. రేవు లాభం లండన్ అంతటికీ, రేవు ఆకలి పోప్లర్ ఒక్కదానికీ! పేదవాణ్ణి పేదవాడే పోషించాలన్న ఈ ఏర్పాటును చట్టం అన్నారు.

1921 మార్చిలో కౌన్సిలు ఒక నిర్ణయం చేసింది. లండన్ కౌంటీ కౌన్సిలుకూ, పోలీసు శాఖకూ, మరి రెండు బోర్డులకూ కట్టవలసిన పన్ను భాగాన్ని వసూలు చేయలేదు. కోర్టు ఉత్తరువు వచ్చినా లొంగలేదు. జులై 29న సభ్యులు బ్యాండుతో, పౌరజనంతో హైకోర్టుకు నడిచి వెళ్లారు. సెప్టెంబరులో 30 మంది జైలు పాలయ్యారు. వారిలో అయిదుగురు స్త్రీలు. బ్రిక్స్‌టన్ జైలులోనే కౌన్సిలు సమావేశాలు జరిగాయి. మరొక జైలులో వున్న స్త్రీ సభ్యులను వాటికోసం అక్కడికి తీసుకువచ్చారు. పొరుగున వున్న స్టెప్నీ, బెత్నల్ గ్రీన్ కౌన్సిళ్లు కూడా అదే దారి పట్టేసరికి ప్రభుత్వం దిగివచ్చింది. అక్టోబరు 12న వారిని విడుదల చేశారు. ఆ సంవత్సరమే వచ్చిన చట్టం నిరుద్యోగ సహాయపు ఖర్చును లండన్ పేటలన్నిటిమీదా పంచింది. ఈ విజయానికి మూల్యం కూడా చెల్లించారు. జైలుకు వెళ్లినవారిలో ఒకరైన మిన్నీ లాన్స్‌బరీ 1922 జనవరి 1న, 32 ఏండ్లకే, కన్నుమూసింది.

లేబర్ పార్టీలోనే హెర్బర్ట్ మారిసన్ వంటివారు చట్టోల్లంఘన తప్పన్నారు. ఆ వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. ఓట్లతో వచ్చినవారు చట్టాన్ని పక్కన పెడితే రేపు ధనికుల కౌన్సిలూ అదే పని చేయవచ్చు. కాని పోప్లర్ సభ్యులు చాటుగా తప్పించుకోలేదు. శిక్షను నెత్తిన వేసుకొని లెక్కను జనం ముందు పెట్టారు. ఈ తేడా చిన్నది కాదు.

అయితే వారు గెలిచింది ఎంత? సహాయం భారం పంచబడింది గాని రేవులో కొత్త పని పుట్టలేదు. ఒక పేట కౌన్సిలు ప్రపంచ వాణిజ్యాన్ని తిప్పలేదు. కాని పని లేని రోజుల్లో కూలివాడు ఎంత తక్కువకైనా ఒప్పుకునే స్థితికి దిగజారకుండా అది అడ్డుపడగలదు. పాలకవర్గం భయపడింది ఇందుకే. ధరలు తగ్గినా కౌన్సిలు 4 పౌనుల వేతనాన్ని తగ్గించలేదు. ఆడిటరు 5,000 పౌనులు సభ్యులనుంచి రాబట్టాలన్నాడు. 1925లో ప్రభువుల సభ న్యాయమూర్తులు ఆడిటరునే సమర్థించారు. సహాయం చేస్తే సహించవచ్చు, వేతనాన్ని నిలబెడితే మాత్రం సహించరాదని దీని అర్థం.

కథ అక్కడితో ముగియలేదు. 1965లో పోప్లర్ టవర్ హామ్లెట్స్‌లో కలిసిపోయింది. ఈస్టిండియా డాక్ 1967లో, వెస్టిండియా డాక్ 1980లో మూతపడ్డాయి. 1981లో ప్రభుత్వం ఒక అభివృద్ధి సంస్థను నియమించి, ఆ నేలపై నిర్మాణానుమతులిచ్చే అధికారం స్థానిక కౌన్సిళ్లనుంచి తీసి దానికి అప్పగించింది. కెనరీ వార్ఫ్ మేడలు లేచాయి. ఉద్యోగాలూ వచ్చాయి. కాని అవి బ్యాంకుల ఉద్యోగాలు. మూటలు మోసిన చేతులకు అక్కడ చోటెక్కడ? 1921లో ఖజానా లేని కౌన్సిలుకు గొంతు వున్నది. 1981లో ఖజానా వచ్చింది, గొంతు పోయింది.

మన రాజ్యాంగం 12వ షెడ్యూలు పట్టణ పేదరిక నిర్మూలనను మునిసిపాలిటీల విధులలో చేర్చింది. వాటికి ఏ పన్నులివ్వాలో మాత్రం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలింది. కనుక పోప్లర్ ప్రశ్న మనకు పరాయిది కాదు. ఒక ఊరి ఆర్థికజీవనం కోలుకుంటున్నదని ఎవరైనా చెప్పినప్పుడు మనం రెండు మాటలు అడగాలి: ఖర్చు ఎవరిది? కోలుకున్నది ఎవరు?